ఏడు నెలలు ఆగి ఉన్న డీసీ మోటారు: గానుగాటకు ముందు కరెంటు ఇచ్చేలోగా ఏమేమి చూడాలి?

నాగావళి_ఒడ్డు · రాజాం ప్రాంతం · నవంబరు 9, రాత్రి 9.20

అందరికీ నమస్కారం. మా చెరకు ఫ్యాక్టరీలో ఈ ఏడాది గానుగాట డిసెంబరు మొదటి వారంలో మొదలవుతుంది. మిల్లును తిప్పే డీసీ మోటారు ఏప్రిల్ మొదటి వారంలో ఆగింది, అప్పటి నుంచి దానికి ఎవరూ కరెంటు ఇవ్వలేదు. నేను విద్యుత్ విభాగంలో షిఫ్టు ఇన్‌చార్జిగా జూలైలో చేరాను. ఏసీ మోటార్లతో పన్నెండేళ్ల అనుభవం ఉంది గాని, ఇంత పెద్ద డీసీ మోటారును సీజను మొదట్లో నడిపించే బాధ్యత నా మీద పడటం ఇదే మొదలు.

ప్లేటు మీద ఉన్న వివరాలు: 300 కిలోవాట్లు, ఆర్మేచర్ (లోపల తిరిగే భాగం) 440 వోల్టులు, 735 ఆంపియర్లు, నిమిషానికి 1000 చుట్లు, ఫీల్డు (అయస్కాంతాన్ని పుట్టించే కదలని కాయిళ్లు) వేరే సరఫరా మీద, 220 వోల్టులు, 8.2 ఆంపియర్లు. నాలుగు పోళ్లు. పైన విడి బ్లోయరు ఉంది. థైరిస్టర్ డ్రైవు (ఏసీని డీసీగా మార్చి వేగాన్ని అదుపు చేసే ప్యానెల్) మీద, ట్యాకో (వేగాన్ని వోల్టేజిగా చూపే చిన్న జనరేటరు) ఫీడ్‌బ్యాక్‌తో నడుస్తుంది. అక్టోబరు వానలకు షెడ్డు రేకుల సందుల్లోంచి జల్లు పడింది. మోటారు మీద టార్పాలిన్ కప్పి ఉన్నా లోపల చెమ్మ వాసన వస్తోంది. తేమ పట్టకుండా లోపల పెట్టే హీటరు ఫ్యూజు ఎప్పుడు పోయిందో చెప్పగలిగేవారు లేరు.

ఈరోజు 500 వోల్టుల మెగ్గర్ (ఇన్సులేషన్ నిరోధం కొలిచే మీటరు) పెట్టాను. ఆర్మేచర్ వైపు నుంచి బాడీకి 0.8 మెగాఓమ్, ఫీల్డు నుంచి బాడీకి 60 మెగాఓమ్ వచ్చాయి. మా సీనియరు గారు "ఒకటికి దగ్గరలోనే ఉంది కదా, గేర్‌బాక్సు విప్పి రెండు గంటలు ఖాళీగా తిప్పితే అదే ఆరిపోతుంది" అంటున్నారు. అది సరైన పద్ధతేనా?

రివైండింగ్_షాపు · చీపురుపల్లి · నవంబరు 9, రాత్రి 10.05

కాదండీ. ఖాళీగా తిప్పినప్పుడు ఆర్మేచర్‌లో పారే కరెంటు చాలా తక్కువ, అది పుట్టించే వేడి చెమ్మను వదిలించడానికి చాలదు. పైగా మీరు బ్లోయరు పెడతారు, అది షెడ్డులోని చెమ్మగాలినే లోపలికి తోస్తుంది. వాటన్నిటికంటే ముందు, ఇన్సులేషన్ అనుమానంగా ఉన్నప్పుడు 440 వోల్టులు పెట్టడమంటే పరీక్ష ఫలితం రాకముందే మందు మింగినట్టు.

రెండు సంగతులు చెప్పండి. మెగ్గర్ పెట్టేటప్పుడు డ్రైవు కేబుళ్లు మోటారు దగ్గర విప్పారా? బొగ్గు బ్రష్షులు కమ్యుటేటర్ (ఆర్మేచర్‌కు కరెంటు అందించే, రాగి బార్లతో కూర్చిన గుండ్రటి భాగం) మీద ఆని ఉన్నాయా, ఎత్తి ఉన్నాయా? మొదటిది డ్రైవు ప్రాణానికి సంబంధించినది. 500 వోల్టుల మెగ్గర్ దెబ్బకు థైరిస్టర్లకు ఏమీ కాకపోయినా కంట్రోల్ కార్డులు పోయిన సందర్భాలు నా దగ్గరికి వచ్చాయి. రెండోది ఈ 0.8 ఎక్కడి నుంచి వస్తోందో తేల్చేది.

పాత_ఫోర్‌మన్ · విజయనగరం · నవంబరు 10, ఉదయం 6.40

నేను జనపనార మిల్లుల్లోనూ తరువాత క్రేన్ల మీదా ముప్పై రెండేళ్లు పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నాను. మా రోజుల్లో ఒక మెగాఓమ్ ఉంటే నడపడం, లేకపోతే ఆపడం, అంతే సూత్రం. ఆ లెక్కన నడిపిన మోటార్లు ఇప్పటికీ తిరుగుతున్నాయి. సీనియరు గారి మాటను పూర్తిగా కొట్టిపారేయవద్దు, అయితే 0.8 ఒకటి కాదు, అందువల్ల నేనైతే బల్బులు పెట్టి ఆరబెట్టేవాడిని.

డ్రైవు_ఇంజనీరు · విజయనగరం · నవంబరు 10, ఉదయం 9.15

ఫోర్‌మన్ గారి అనుభవం మీద గౌరవంతోనే ఒక మాట చెబుతాను. ఆ "ఒక మెగాఓమ్" లెక్క, కిలోవోల్టుల సంఖ్యకు ఒకటి కలిపితే వచ్చినన్ని మెగాఓమ్‌లు ఉండాలన్న పాత సూత్రం నుంచి వచ్చింది. విద్యుత్ ఇంజనీర్ల సంఘమైన ఐట్రిపుల్‌ఈ 43వ ప్రమాణం దాన్ని సుమారు 1970కి ముందు తయారైన వైండింగులకూ, ఫీల్డు వైండింగులకూ ఉంచింది; డీసీ ఆర్మేచర్లకు మాత్రం కనీసం 5 మెగాఓమ్ అడుగుతుంది. అదీ 40 డిగ్రీల దగ్గర. ఉష్ణోగ్రత ప్రతి 10 డిగ్రీలు పెరిగినప్పుడు ఇన్సులేషన్ విలువ సుమారు సగం అవుతుందని లెక్క కడతారు గనుక, నవంబరు ఉదయం మోటారు 30 డిగ్రీల దగ్గర ఉంటే మీకు మీటరు మీద కనీసం 10 కనిపించాలి. మీ 0.8ని 40 డిగ్రీలకు మారిస్తే 0.4 అవుతుంది. అందువల్ల "ఒకటికి దగ్గర" అన్న మాట లెక్కకు కూడా నిలవదు.

మెగ్గర్ మీట నొక్కి ముల్లు కదలగానే రాసుకోవద్దు. సరిగ్గా ఒక నిమిషం ఆగి చదవాలి. చదివిన తరువాత వైండింగును బాడీకి కలిపి డిశ్చార్జి చేయాలి, పరీక్ష నడిచిన సమయానికి కనీసం నాలుగు రెట్లు అలాగే ఉంచాలి. పెద్ద వైండింగు వేలికి ఇచ్చే దెబ్బ చిన్నదే కావచ్చు గాని నిచ్చెన మీద ఉన్న మనిషిని కింద పడేయడానికి చాలు.

రక్షణ_విభాగం · గరివిడి వైపు · నవంబరు 10, ఉదయం 11.30

ఇంకెవరూ మోటారు మూత విప్పకముందే ఈ మాట చెప్పాలి. డీసీ మోటారుకు కరెంటు వచ్చే దారి ఒకటి కాదు. ఆర్మేచర్‌కు డ్రైవు నుంచి, ఫీల్డుకు చాలాచోట్ల విడి ట్రాన్స్‌ఫార్మర్ నుంచి, బ్లోయరుకు మరో ఫీడరు నుంచి, లోపలి హీటరుకు లైటింగు బోర్డు నుంచి వస్తుంది. డ్రైవు ప్యానెల్ మెయిన్ దించి, తాళం వేసి, పర్మిట్ రాసుకుని కూర్చున్న మనిషి టెర్మినల్ పెట్టెలో చెయ్యి పెడితే హీటరు వైరులో 230 వోల్టులు ఉంటాయి. హీటరు పని చేయడం లేదంటే దాని వైరులో కరెంటు లేదని అర్థం కాదు. ఫ్యూజు పోయిందని నాగావళి గారు రాశారు; రేపు ఎవరో ఆ ఫ్యూజు వేస్తారు, మీరు లోపల ఉంటారు. నాలుగు దారులకూ నాలుగు తాళాలు, నాలుగు చీటీలు ఉండాలి, తాళంచెవులు పని చేసే మనిషి జేబులోనే ఉండాలి.

కరెంటు లేదని తేల్చుకోవడంలోనూ ఒక మోసం ఉంది. మీటరును ఏసీ రేంజిలో ఉంచి డీసీ టెర్మినళ్ల మీద పెడితే చాలా మీటర్లు సున్నా చూపిస్తాయి. ముందు పని చేస్తున్న డీసీ సరఫరా మీద మీటరు బాగుందని చూసి, తరువాత మోటారు మీద చూసి, మళ్లీ ఆ సరఫరా మీద చూడాలి. మోటారు బాడీకి రెండు వేర్వేరు ఎర్తు కనెక్షన్లు ఉండాలన్నది నిబంధన. వానాకాలం తరువాత ఆ బోల్టుల దగ్గర తుప్పును గీకి, బిగించి, అప్పుడే మెగ్గర్ క్లిప్పు పెట్టండి. తుప్పు మీద క్లిప్పు పెడితే ఇన్సులేషన్ లేనిదాన్ని కూడా ఉన్నట్టు చూపిస్తుంది.

నాగావళి_ఒడ్డు · నవంబరు 10, సాయంత్రం 7.45

అందరికీ కృతజ్ఞతలు. డ్రైవు కేబుళ్లు మోటారు దగ్గరే విప్పాను, ట్యాకో వైర్లు కూడా విప్పాను. బ్రష్షులు మాత్రం కమ్యుటేటర్ మీదే ఉన్నాయి. ఏప్రిల్ నుంచి అలాగే ఉన్నాయి. హీటరుకు కరెంటు నిజంగానే లైటింగు బోర్డు నుంచి వస్తోంది. ఆ సంగతి మా ప్యానెల్ డ్రాయింగులో లేదు.

రివైండింగ్_షాపు · చీపురుపల్లి · నవంబరు 10, రాత్రి 9.30

అయితే మీరు కొలిచింది ఆర్మేచర్ ఒక్కదాన్నే కాదు. ఆర్మేచర్, బ్రష్షు హోల్డర్లు, వాటిని మోసే ఇన్సులేటర్లు, ఇంటర్‌పోల్ వైండింగు (బ్రష్షుల దగ్గర నిప్పురవ్వలు తగ్గించేందుకు పోళ్ల మధ్య పెట్టే చిన్న కాయిళ్లు), అన్నీ కలిపి కొలిచారు. వీటిలో ఏ ఒక్కటి చెడినా మొత్తం అంకె పడిపోతుంది. వీటిని విడదీయండి. బ్రష్షులన్నీ హోల్డర్లలోంచి పైకి ఎత్తండి. కమ్యుటేటర్ నుంచి షాఫ్టుకు మెగ్గర్ పెడితే ఆర్మేచర్ ఒక్కటే వస్తుంది. బ్రష్షు రింగు నుంచి ఇంటర్‌పోల్‌కు వెళ్లే పట్టీని విప్పి, ఇంటర్‌పోల్‌ను విడిగా, బ్రష్షు హోల్డర్లను విడిగా బాడీకి కొలవండి.

నా ఊహ చెప్పమంటే, తప్పు హోల్డర్ల ఇన్సులేటర్ల మీద ఉంటుంది. బ్రష్షు అరిగిన నల్లటి పొడి కరెంటును పోనిస్తుంది. దాని మీద చెరకు పిప్పి దుమ్ము, దాని మీద వానాకాలపు చెమ్మ పడితే ఇన్సులేటర్ ఒంటి మీద సన్నటి బాట తయారవుతుంది. ఆ పొడిని కంప్రెసర్ గాలితో ఊదవద్దు, వైండింగు సందుల్లోకి ఇంకా లోతుగా దూరుతుంది. వాక్యూమ్‌తో లాగి, మెత్తటి కుంచెతో దులిపి, మళ్లీ లాగండి. ఇన్సులేటర్లను పొడి గుడ్డతోనూ, ఆ తరువాత ఎలక్ట్రికల్ క్లీనింగ్ సాల్వెంటు తడిపిన గుడ్డతోనూ తుడవండి. సాల్వెంటును నేరుగా వైండింగు మీద పోయవద్దు.

అప్పటికీ ఆర్మేచర్ తక్కువ చూపిస్తే కింద 200 వాట్ల బల్బులు నాలుగు పెట్టి, పైన గాలి పోయేందుకు సందు వదిలి టార్పాలిన్ కప్పండి, వైండింగు ఉష్ణోగ్రత 80 డిగ్రీలు దాటనివ్వవద్దు. ఒక తప్పు మాత్రం చేయవద్దు. వెల్డింగు సెట్టు తెచ్చి, ఆగి ఉన్న ఆర్మేచర్‌లోకి కరెంటు పంపి వేడి చేద్దామని కొందరు చూస్తారు. మోటారు తిరగనప్పుడు ఆ కరెంటంతా బ్రష్షుల కింద ఉన్న ఆ నాలుగు బార్ల మీదే పడి అక్కడే కమ్యుటేటర్‌ను కాలుస్తుంది.

జీడిపప్పు_పలాస · నవంబరు 10, రాత్రి 10.10

ఇక్కడ ఒక చిన్న జోడింపు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను మా వైపు తీరం దాటినప్పుడు సముద్రపు ఉప్పు జల్లు తగిలిన మోటార్లను నేరుగా ఆరబెట్టినవారు మళ్లీ విప్పవలసి వచ్చింది. ఉప్పు ఉండిపోతే అది గాలిలోని తేమను మళ్లీ పీల్చుకుంటుంది. ముందు మంచినీళ్లతో కడిగి ఉప్పును వదిలించి, ఆ తరువాతే ఆరబెట్టాలి. మీ ఫ్యాక్టరీ తీరానికి దూరం గనుక మీకు ఈ అవసరం ఉండకపోవచ్చు.

నాగావళి_ఒడ్డు · నవంబరు 12, రాత్రి 8.50

రెండు రోజుల పని వివరాలు రాస్తున్నాను. విడదీసి కొలిస్తే ఆర్మేచర్ 48, ఇంటర్‌పోల్ 55, బ్రష్షు హోల్డర్లు 0.83 మెగాఓమ్ వచ్చాయి. రివైండింగ్ గారు చెప్పినట్టే అయింది. కింది వైపు హోల్డర్ ఇన్సులేటర్‌ను వేలితో తుడిస్తే, ఆముదంలో కలిపిన కాటుకలాంటి జిగట నల్లటి పూత వేలికి అంటింది. నాలుగింటినీ శుభ్రం చేశాక హోల్డర్లు ఒక్కటే 200 దాటాయి, అన్నీ కలిపి, బ్రష్షులు దించి కొలిస్తే 22 వచ్చింది. మోటారు ఒంటి ఉష్ణోగ్రత 30 డిగ్రీలు. బల్బులు పెట్టే అవసరమే పడలేదు.

ఫీల్డు నిరోధం 21.2 ఓమ్‌లు వచ్చింది. ప్లేటు లెక్కన 220ని 8.2తో భాగిస్తే దాదాపు 26.8 రావాలి. ఐదు ఓమ్‌లకు పైగా తక్కువ. కాయిల్‌లో చుట్లు కలిసిపోయాయా?

ఇంకొకటి. కమ్యుటేటర్ మీద బ్రష్షులు ఆని ఉన్న చోట్ల, సరిగ్గా బ్రష్షు ఆకారంలో మబ్బు రంగు మచ్చలు పడ్డాయి.

డ్రైవు_ఇంజనీరు · విజయనగరం · నవంబరు 12, రాత్రి 9.40

ఫీల్డు గురించి కంగారు పడవద్దు. ప్లేటు మీద ఉన్నది వేడెక్కిన మోటారు లెక్క. రాగి నిరోధం ఉష్ణోగ్రతతో పెరుగుతుంది, 234.5కు ఉష్ణోగ్రత కలిపి నిష్పత్తి తీయాలి. 30 డిగ్రీల దగ్గర 264.5, వేడెక్కి 100 డిగ్రీలకు చేరితే 334.5. ఈ రెంటి నిష్పత్తి 0.79. 26.8ని 0.79తో గుణిస్తే 21.2 వస్తుంది. మీ ఫీల్డు సరిగ్గా ఉండవలసిన చోటే ఉంది. అయితే దీని అర్థం ఇంకొకటి కూడా ఉంది: చల్లటి ఫీల్డుకు నేరుగా 220 వోల్టులు పెడితే 10 ఆంపియర్లకు పైగా తీసుకుంటుంది. అందుకే డ్రైవులో ఫీల్డును వోల్టేజి మీద కాక కరెంటు మీద, 8.2కు నిలిపి ఉంచారో లేదో చూడండి.

నాలుగు కాయిళ్లూ సమానమేనని నిర్ధారించుకోవడానికి, ఫీల్డు మొత్తానికి తక్కువ ఏసీ వోల్టేజి ఇచ్చి ఒక్కో కాయిల్ మీద ఎంత పడుతోందో చూడండి. డీసీ నిరోధంలో కనపడని రెండు మూడు చుట్ల షార్టు ఏసీ దగ్గర దొరికిపోతుంది. ఆ కాయిల్ మీద వోల్టేజి మిగతావాటికంటే స్పష్టంగా పడిపోతుంది. ఫీల్డుకు ఇచ్చిన సరఫరా లీడ్లను కరెంటు ఉండగా చేత్తో పట్టుకుని పీకవద్దు. ఫీల్డులో నిలిచిన శక్తి ఒక్కసారిగా తెగితే వందల వోల్టులుగా తిరగబడుతుంది. ముందు సరఫరా తగ్గించి, ఆపి, అప్పుడు విప్పండి.

రివైండింగ్_షాపు · చీపురుపల్లి · నవంబరు 12, రాత్రి 10.15

మచ్చల సంగతి నేను చెబుతాను. బ్రష్షు, రాగి, మధ్య చెమ్మ కలిస్తే చిన్న బ్యాటరీలా పని చేసి రాగిని తింటుంది. గోరు తగిలి ఆగేంత లోతు లేకపోతే, కమ్యుటేటర్‌ను చేత్తో నెమ్మదిగా తిప్పిస్తూ మెత్తటి ఉప్పుకాగితంతో గానీ కమ్యుటేటర్ రాయితో గానీ రుద్దితే పోతాయి. ఎమరీ కాగితం వాడవద్దు. దాని పొడి కరెంటును పోనిస్తుంది, బార్ల మధ్య గాళ్లలో కూర్చుని నిప్పురవ్వలు పుట్టిస్తుంది. రుద్దాక ఆ గాళ్లన్నీ వెదురు పుల్లతో గీకండి, మైకా బార్లకంటే ఒక మిల్లీమీటరు లోపలికి ఉండాలి. మచ్చలు పోయాక కనిపించే కొత్త రాగి ఎర్రదనం చూసి మంచిదైందని సంతోషించవద్దు. మంచి కమ్యుటేటర్ లేత చాకొలేటు రంగులో, నూనె రాసినట్టు మెరుస్తూ ఉంటుంది. ఆ పొర లోడు మీద నడిచి మళ్లీ రావాలి.

బ్రష్షులను ఒక్కొక్కటిగా హోల్డరులో పైకీ కిందికీ కదిపి చూడండి. వానాకాలంలో పట్టుకుపోయిన బ్రష్షు ఒక్కటుంటే దాని వాటా కరెంటు పక్కవాటి మీద పడుతుంది. హోల్డరు అడుగు కమ్యుటేటర్‌కు రెండు మూడు మిల్లీమీటర్ల ఎత్తులో ఉండాలి. స్ప్రింగు బలం చూడటానికి, బ్రష్షు కింద సన్నటి కాగితం పెట్టి, స్ప్రింగు కొనకు స్ప్రింగు త్రాసు తగిలించి పైకి లాగండి. కాగితం వదులుగా జారిన క్షణంలో త్రాసు ఎంత చూపిస్తోందో అది బలం. 25, 32 మిల్లీమీటర్ల బ్రష్షు అయితే ఎనిమిది చదరపు సెంటీమీటర్లు. చదరపు సెంటీమీటరుకు 200 గ్రాముల చొప్పున కిలోన్నర దాటి ఉండాలి. ఒకటి కిలో, ఇంకొకటి రెండు కిలోలు చూపిస్తే స్ప్రింగులు మార్చవలసిందే. కొత్త బ్రష్షులు వేస్తే అన్నీ ఒకే గ్రేడు వేయండి; పాతవాటిలో రెండు, కొత్తవాటిలో రెండు, దుకాణంలో దొరికినవి రెండు అని కలపవద్దు. ఆ మోటారు పక్కన సిలికాన్ సీలెంటు కూడా పూయించవద్దు. దాని ఆవిరి బ్రష్షులను వారాల్లో తినేస్తుంది.

ఐటీఐ_విద్యార్థి · ఆమదాలవలస · నవంబరు 13, ఉదయం 7.30

మధ్యలో వచ్చినందుకు పెద్దలు క్షమించాలి. ఫీల్డు పోతే మోటారు వేగం పెరిగిపోతుందని మా మాస్టారు చెప్పారు. అయస్కాంతం బలహీనపడితే బలం తగ్గాలి గదా, వేగం ఎందుకు పెరుగుతుంది?

డ్రైవు_ఇంజనీరు · విజయనగరం · నవంబరు 13, ఉదయం 9.00

మంచి ప్రశ్న, బాబూ. తిరుగుతున్న ఆర్మేచర్ తనలో తాను ఒక ఎదురు వోల్టేజిని పుట్టిస్తుంది. అది ఫీల్డు బలాన్నీ వేగాన్నీ గుణించినంత ఉంటుంది. ఆ ఎదురు వోల్టేజి, ఇచ్చిన 440కి కొద్దిగా తక్కువ దగ్గర నిలబడటానికి మోటారు తనకు కావలసిన వేగాన్ని వెతుక్కుంటుంది. ఫీల్డు సగమైతే అంతే ఎదురు వోల్టేజి పుట్టించడానికి రెట్టింపు వేగంతో తిరగాలి. ఫీల్డు పూర్తిగా పోతే ఇనుములో మిగిలిన కొద్దిపాటి అయస్కాంతత్వం మాత్రమే ఉంటుంది. మోటారు మీద లోడు ఉంటే ఆ బలం చాలక ఆగిపోయి, విపరీతమైన కరెంటు లాగి ఆర్మేచర్ కాలుతుంది. లోడు లేకపోతే ఆ కొద్ది బలమే చాలు, ఎదురు వోల్టేజిని అందుకోవడానికి వేగం పెరుగుతూనే పోతుంది.

ఇక్కడ నాగావళి గారి డ్రైవుకు సంబంధించిన విషయం ఉంది. ట్యాకో ఫీడ్‌బ్యాక్‌తో నడిచే డ్రైవు వేగాన్ని చూసుకుంటూ వోల్టేజి తగ్గిస్తుంది గనుక కొంత కాపలా ఉంటుంది. అదే ఆర్మేచర్ వోల్టేజి ఫీడ్‌బ్యాక్‌లో ఉంటే డ్రైవుకు వేగం కనపడదు, వోల్టేజి మాత్రమే కనపడుతుంది; ఫీల్డు పోయినా అది 440 పెడుతూనే ఉంటుంది. ట్యాకో వైరు తెగినా, తిరగబడినా ఇంకో రకం ప్రమాదం. వేగం సున్నా అనో, వెనక్కి తిరుగుతోందనో డ్రైవు భ్రమించి పూర్తి వోల్టేజి ఇస్తుంది.

పాత_ఫోర్‌మన్ · విజయనగరం · నవంబరు 13, మధ్యాహ్నం 2.20

లెక్క ఇంజనీరు గారు చెప్పారు, నేను చూసింది చెబుతాను. ఎక్కడ, ఎప్పుడు అన్నది అనవసరం. బెల్టు మీద నడిచే ఒక షంటు మోటారుకు ఫీల్డు రిలే, అంటే ఫీల్డు కరెంటు తగ్గితే మోటారును ఆపే కాపలా, ఊరికే ట్రిప్ అవుతోందని, వారం రోజుల విసుగుతో దాని రెండు కాళ్ల మధ్య ఒక తీగ ముక్క కట్టాము. కట్టింది నేనే. రిలే ఊరికే ట్రిప్ కావడం లేదు. ఫీల్డు టెర్మినల్ దగ్గర లగ్గు వదులై, కదిలినప్పుడల్లా కరెంటు తగ్గుతోంది, అది నిజమే చెబుతోంది. మేము దాని నోరు కట్టాము.

మూడు వారాల తరువాత ఒక మధ్యాహ్నం బెల్టు జారింది, అదే కుదుపుకు లగ్గు ఊడింది. మేము బయట టీ తాగుతున్నాము. మోటారు గొంతు మామూలుగా బొంగురుగా ఉంటుంది. అది సన్నబడుతూ, ఈలగా మారుతూ లేవడం వినపడింది. ఎవరూ స్విచ్చు దగ్గరికి చేరకముందే ఆర్మేచర్ మీద కట్టిన బైండింగు తీగ తెగి కాయిళ్లు బయటికి లేచాయి, కమ్యుటేటర్ బార్లు మోటారు మూతను చీల్చుకుని గోడలో దిగాయి. లోపల మనిషి లేడు గనుక ప్రాణాలు దక్కాయి. ఆ గోడలో నుంచి తీసిన ఒక బారు చాలాకాలం నా టూల్‌బాక్సులో ఉండేది.

నాగావళి గారూ, మెగ్గర్ గురించి నేను మొదట రాసిన మాట ఉపసంహరించుకుంటున్నాను. మీ ప్యానెల్ తలుపు తెరిచి, టార్చి వేసి, జంపర్, అంటే అలాంటి తీగ ముక్క, కట్టిన రిలే ఏదైనా ఉందేమో ముందు చూడండి.

నాగావళి_ఒడ్డు · నవంబరు 14, రాత్రి 9.10

చూశాను. ఫీల్డు రిలే బాగానే ఉంది. కాని బ్లోయరు గాలి స్విచ్చు వైర్లు రెండూ టెర్మినల్ స్ట్రిప్పు మీద ఒకే కాలులో కలిపి బిగించి ఉన్నాయి. ఎవరు, ఎప్పుడు కట్టారో తెలియదు. విడదీసి స్విచ్చుకు కలిపితే, బ్లోయరు తిరుగుతున్నా "గాలి లేదు" అని డ్రైవు తప్పు చూపిస్తోంది. గాలి వచ్చే చోట చెయ్యి పెడితే గాలి తగులుతూనే ఉంది. స్విచ్చు పాడైందనుకోవాలా?

డ్రైవు_ఇంజనీరు · విజయనగరం · నవంబరు 14, రాత్రి 9.35

స్విచ్చును అనుమానించేముందు బ్లోయరు ఏ వైపు తిరుగుతోందో దాని ఒంటి మీద ఉన్న బాణం గుర్తుతో పోల్చండి. ఇది గుండ్రటి డబ్బాలో తిరిగే సెంట్రిఫ్యూగల్ బ్లోయరు అయితే, తిరగబడి తిరిగినా గాలి అదే వైపు వస్తుంది, కాకపోతే బాగా తక్కువగా వస్తుంది. చెయ్యి పెడితే తేడా తెలియదు. ఎప్పుడో బ్లోయరు మోటారు మార్చి రెండు ఫేజులు తిరగేసి ఉంటారు, స్విచ్చు ట్రిప్ చేస్తోందని దాన్ని కట్టేసి ఉంటారు.

నాగావళి_ఒడ్డు · నవంబరు 15, ఉదయం 11.00

మీరు చెప్పిందే నిజం. బాణానికి ఎదురు తిరుగుతోంది. రెండు ఫేజులు మార్చాను, ఫిల్టరు ఉతికాను, గాలి స్విచ్చు దానంతటదే నిలబడింది. అంటే పోయిన సీజను మొత్తం ఈ మోటారు సగం గాలితోనే నడిచిందన్నమాట.

రేపు ఆదివారం మొదటిసారి కరెంటు ఇవ్వాలని అనుమతి తీసుకున్నాను. ఏ వరుసలో వెళ్లాలో దయచేసి చెప్పండి.

డ్రైవు_ఇంజనీరు · విజయనగరం · నవంబరు 15, మధ్యాహ్నం 1.15

మొదటి దశలో ఆర్మేచర్ కేబుళ్లు మోటారుకు కలపవద్దు. బ్లోయరు, ఫీల్డు మాత్రమే ఇవ్వండి. ఫీల్డు కరెంటును క్లాంపు మీటరుతో విడిగా చూడండి, డ్రైవు తెర మీద అంకెను మాత్రమే నమ్మవద్దు. 8.2 దగ్గర నిలిచాక ఒక్కో కాపలానూ నిజంగా పరీక్షించండి: ఫీల్డు ఫ్యూజు తీస్తే డ్రైవు ట్రిప్ కావాలి, బ్లోయరు ఆపితే కావాలి, ఎమర్జెన్సీ బటన్ నొక్కితే మెయిన్ కాంటాక్టరు పడిపోవాలి. సెట్టింగుల పుస్తకంలో రాసి ఉందని ఊరుకుంటే కుదరదు. మోటారు ఆగి ఉన్నప్పుడు కొంతసేపటికి ఫీల్డు సగానికి తగ్గే ఏర్పాటు మీ డ్రైవులో ఉంటే అదీ పని చేస్తోందో లేదో చూడండి. లేకపోతే, బ్లోయరు ఆపి ఫీల్డును పూర్తిగా వదిలేసి భోజనానికి వెళ్లవద్దు, తిరిగి వచ్చేసరికి కాయిళ్లు వాసన వస్తాయి.

రెండో దశ: అన్నీ ఆపి, తాళాలు వేసి, ఆర్మేచర్ కలపండి. గేర్‌బాక్సు విప్పే ఉంచండి. మీది విడి ఫీల్డు మోటారు గనుక ఖాళీగా తిప్పవచ్చు. క్రేన్ల మీద ఉండే, ఫీల్డు ఆర్మేచర్‌తో వరుసగా కలిసి ఉండే సిరీస్ మోటారును మాత్రం ఎప్పుడూ ఇలా లోడు లేకుండా నడపకూడదు. కరెంటు హద్దును 20 శాతానికి తగ్గించండి. డ్రైవును ముందు ఆర్మేచర్ వోల్టేజి ఫీడ్‌బ్యాక్‌లో పెట్టి 44 వోల్టుల దగ్గర ఆపండి. ఫీల్డు నిండుగా ఉంటే దాదాపు 100 చుట్లు తిరగాలి. మీ ట్యాకో వెయ్యి చుట్లకు 60 వోల్టులది అయితే అప్పుడు 6 వోల్టులు, సరైన ధ్రువంతో రావాలి. ఆ ధ్రువాన్ని కళ్లారా చూశాకే ట్యాకో ఫీడ్‌బ్యాక్‌కు మారండి. పైన నేనే ఈ పద్ధతికి ఫీల్డు పోతే ప్రమాదమని రాశాను గనుక, ఫీల్డు ట్రిప్ పరీక్ష పూర్తి కాకుండా ఇది చేయవద్దు.

రక్షణ_విభాగం · గరివిడి వైపు · నవంబరు 15, సాయంత్రం 4.00

గేర్‌బాక్సు విప్పినప్పుడు షాఫ్టు గాడిలో తాళం చీల, అదే కీ, ఉండిపోతుంది. వెయ్యి చుట్ల దగ్గర అది తూటాలా బయటికి వస్తుంది. తీసేయండి, లేదా కప్లింగు సగాన్ని కదలకుండా కట్టండి. కమ్యుటేటర్‌కు ఎదురుగా ఎవరూ నిలబడకూడదు. నిప్పురవ్వలు చూడాలనుకుంటే పక్క నుంచి చూడాలి. ఎమర్జెన్సీ బటన్ దగ్గర ఒక మనిషి నిలబడి ఉండాలి, అతనికి వేరే పని చెప్పకూడదు.

నాగావళి_ఒడ్డు · నవంబరు 16, రాత్రి 8.30

జరిగింది. ఉదయం మా సీనియరు గారే ముందుండి, కమ్యుటేటర్ వైపు ఎవరినీ నిలబడనివ్వలేదు. ఫీల్డు కరెంటు క్లాంపు మీటరు మీద 8.2, డ్రైవు తెర మీద 8.1. ఫ్యూజు తీయగానే ట్రిప్ అయింది. బ్లోయరు ఆపితే ఆరు సెకన్లకు ట్రిప్ అయింది. ఎమర్జెన్సీ బటన్ మాత్రం మొదటిసారి పని చేయలేదు. బటన్ వెనక కాంటాక్టు తుప్పు పట్టి అంటుకుపోయింది, మార్చి మళ్లీ చూశాము.

44 వోల్టుల దగ్గర చేతి ట్యాకోమీటరుతో 98 చుట్లు వచ్చాయి. ట్యాకో 5.9 వోల్టులు, ధ్రువం సరైనదే, కాని అంకె ఆగాగి వణుకుతోంది. ఆపి చూస్తే ట్యాకో కప్లింగు స్క్రూ సగం వదులుగా ఉంది. ఇది సీజను మధ్యలో ఊడి ఉంటే ఏమయ్యేదో ఇంజనీరు గారు 13వ తేదీన రాసినది చదివాక వేరే చెప్పనక్కరలేదు. బిగించి, ట్యాకో మీద పెట్టి 250, 500, 1000 వరకు తీసుకెళ్లాము. బేరింగుల చప్పుడు మామూలుగానే ఉంది. నలభై నిమిషాలు నడిపి ఆపేశాము.

రివైండింగ్_షాపు · చీపురుపల్లి · నవంబరు 16, రాత్రి 9.05

నలభై నిమిషాలకే ఆపడం మంచిది. బ్రష్షులకు తగినంత కరెంటు లేకుండా ఎక్కువసేపు నడిపితే కొత్త రాగి మీద పొర రాదు, సన్నటి గీతలు పడతాయి. గేర్‌బాక్సు కలిపి చెరకు వేసిన మొదటి రోజు ప్రతి గంటకూ టార్చి వేసి చూడండి, మూడో రోజుకు కమ్యుటేటర్ రంగు ఫోటో ఇక్కడ పెట్టండి. ఏప్రిల్‌లో ఆపేటప్పుడు బ్రష్షులు ఎత్తి హోల్డర్లలోనే ఉంచి, కమ్యుటేటర్ చుట్టూ మందపాటి కాగితం చుట్టించండి.

నాగావళి_ఒడ్డు · నవంబరు 16, రాత్రి 9.20

తప్పకుండా. హీటరుకు కొత్త ఫ్యూజు వేశాను. ప్యానెల్ తలుపు మీద హీటరు దీపం కూడా ఒకటి పెట్టించాను, షిఫ్టు మారినప్పుడల్లా దాన్ని చూసి రిజిస్టరులో సంతకం చేయాలని రాయించాను. జంపర్ కట్టిన ఆ రెండు వైర్ల ముక్క ఫోర్‌మన్ గారి కోసం దాచి ఉంచాను.